భయపడినవాడికి ఎంత హక్కు ఉంది?



మన వీధిలో ఒక ఇల్లున్నదనుకోండి. ఆ ఇంటాయన మనకు ఇంతవరకు ఏ కీడూ చేయలేదు. కాని ఊరి అవతల ఒక బలవంతుడున్నాడు. వాడు ఏనాటికైనా ఆ ఇంట్లో దూరి, అక్కడనుండి మన గోడ దూకుతాడేమోనని మనకు అనుమానం. ఆ అనుమానంతో మనం ఈరోజే ఆ ఇంటి తలుపు పగులగొట్టి, ఇంటాయనను వెళ్లగొట్టి, మన మాట వినేవాణ్ణి అక్కడ కూర్చోబెట్టవచ్చునా?

అయిదో తరగతి పిల్లవాణ్ణి అడిగినా కూడదనే చెబుతాడు. కాని అదే పని ఒక ప్రభుత్వం చేస్తే దానికి ముందుజాగ్రత్త అనీ, సరిహద్దు రక్షణ అనీ పేర్లు వస్తాయి. చదువుకున్నవాళ్లం కూడా తల ఊపుతాము. ఒక మనిషికి తప్పయినది దేశానికి ఒప్పు ఎట్లా అవుతుంది? భయం మనకు ఎంతవరకు హక్కు ఇస్తుంది? ఈ ప్రశ్నను గాలిలో పెట్టి తర్కించడంకంటె చరిత్రలో జరిగిన సంగతిమీద పెట్టి చూడటం మేలు. బ్రిటిషువారు ఆఫ్ఘనులమీద చేసిన యుద్ధాలు ఇందుకు తగిన ఉదాహరణ. ఎందుకంటే వాటిని నడిపినవారే ఉత్తరాలలో, ప్రకటనలలో తమ మనసులోని మాట రాసిపెట్టిపోయారు.

మన ప్రజలకు ఆఫ్ఘనులంటే ఇంగువా, ఎండు ద్రాక్షా, మిల్లుల దగ్గర వడ్డీకి అప్పులిచ్చే పఠానూ గుర్తుకు వస్తారు. అంత దూరదేశపు యుద్ధంతో మనకేమి పని అని తోచవచ్చు. పని ఉన్నది. అది ముందుకు వెళ్లినకొద్దీ తెలుస్తుంది.

మొదటి యుద్ధం

1837లో కాబూలు అమీరు దోస్త్ మహమ్మద్. పెషావరు 1834లో పంజాబు మహారాజు రంజిత్ సింగు చేతికి పోయింది. దాన్ని తిరిగి పొందడమే అమీరు కోరిక. అందుకు ఇంగ్లీషువారి సాయం అడిగాడు. వారి దూత అలెగ్జాండర్ బర్న్స్ కాబూలులో నెలల తరబడి ఉండి, ఈయనతో స్నేహం చేయడమే మంచిదని పై అధికారులకు రాశాడు. పై అధికారులు వినలేదు. రంజిత్ సింగును నొప్పించడం వారికి ఇష్టం లేదు. ఇంతలో ఒక రష్యను దూత కాబూలుకు వచ్చాడు. రష్యా ప్రోద్బలంతో పారసీకులు పడమటి వైపున హెరాతు నగరాన్ని ముట్టడించారు. రష్యా ఆఫ్ఘనిస్తాను మీదుగా హిందూదేశానికి వస్తున్నదని సిమ్లాలోనూ లండనులోనూ భయం పుట్టింది.

1838 అక్టోబరు 1న గవర్నరు జనరలు ఆక్లండు సిమ్లానుండి యుద్ధ ప్రకటన చేశాడు. దోస్త్ మహమ్మదును తొలగించి, దాదాపు ముప్పై ఏండ్ల క్రితం సింహాసనం పోగొట్టుకొని లూధియానాలో ఇంగ్లీషువారి పింఛనుతో బ్రతుకుతున్న షా షుజాను రాజును చేయాలని నిశ్చయించాడు. అయితే ఒక్క సంగతి గమనించండి. ఆ ప్రకటనకు మూడు వారాలముందే, సెప్టెంబరు 9న, పారసీకులు హెరాతు ముట్టడి ఎత్తివేసి వెళ్లిపోయారు. ఆ వార్త సిమ్లాకు చేరిన తరువాత, నవంబరులో, ఆక్లండు మరొక ప్రకటన చేశాడు. ముట్టడి తొలగినమాట నిజమే, అయినా దండయాత్ర ఆగదు అన్నాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఏ భయాన్ని చూపి యుద్ధం అన్నారో ఆ భయం పోయింది. యుద్ధం మాత్రం పోలేదు. అంటే భయం కారణం కాదు, కారణానికి కప్పిన దుప్పటి అన్నమాట.

మరొక సంగతి. 1839లో పార్లమెంటు ముందు పెట్టడానికి బర్న్స్ ఉత్తరాలను అచ్చువేశారు. దోస్త్ మహమ్మదును మెచ్చుకుంటూ బర్న్స్ రాసిన భాగాలు చాలవరకు తీసివేసి, యుద్ధాన్ని సమర్థించేట్లుగా కూర్చారు. చరిత్రకారుడు జాన్ విలియం కే తన గ్రంథంలో ఈ మోసాన్ని బయటపెట్టాడు. 1861లో ఇదే విషయమై పార్లమెంటులో గట్టి చర్చ జరిగింది. నిజంగా భయపడినవాడు సాక్ష్యాన్ని చెరిపివేయడు. ఇంకా వివరంగా తెలుసుకోవాలని చూస్తాడు.

1839 ఆగస్టులో సైన్యం కాబూలులో ప్రవేశించింది. గెలవడం సులువయింది, నిలవడం కాలేదు. పరాయి సైన్యపు నీడలో కూర్చున్న రాజును జనం రాజుగా ఎంచలేదు. కనుమల దారులు కాపాడుతున్న గిల్జీ నాయకులకు ఇచ్చే సొమ్మును ఖర్చు తగ్గించడానికని 1841లో సగానికి కోసివేశారు. తిరుగుబాటు లేచింది. నవంబరు 2న బర్న్స్ చంపబడ్డాడు. డిసెంబరు 23న, సంధి మాటలకు పిలిపించిన రాయబారి మక్నాటెన్‌ను దోస్త్ మహమ్మద్ కుమారుడు అక్బర్ ఖాన్ చంపించాడనీ, స్వయంగా చంపాడనీ చెబుతారు. 1842 జనవరి 6న సుమారు 4,500 మంది సైనికులు, 12,000 మంది బంటుజనం మంచులో కాబూలు విడిచారు. క్షేమంగా వెళ్లనిస్తామన్న మాట నిలబడలేదు. వారం రోజులు తిరిగేసరికి, జనవరి 13న, డాక్టరు బ్రైడన్ అనే ఇంగ్లీషు వైద్యుడు గాయాలతో గుర్రం మీద జలాలాబాదు చేరాడు. కొందరు బందీలై తరువాత విడుదలయ్యారు. మరికొందరు సిపాయీలు తప్పించుకున్నారు. మిగిలినవారిలో అత్యధికులు కనుమలలోనే చనిపోయారు.

ఈ సంఘటనపై 1879లో లేడీ బట్లర్ అనే చిత్రకారిణి గీసిన బొమ్మ ప్రసిద్ధమైనది. అందులో అలసిన గుర్రం మీద ఒంటరి దొర కనిపిస్తాడు. ఆ 12,000 మంది ఎవరు? వంటవాళ్లు, గుర్రాలు చూసేవాళ్లు, ఒంటెలు తోలేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, వాళ్ల భార్యలు, పిల్లలు. రష్యా అనే దేశం ఉన్నదని కూడా ఎరుగని మనుషులు. వారి పేర్లు ఏ రాతిమీదా లేవు.

ఆ సంవత్సరమే శరత్కాలంలో ఇంగ్లీషు సైన్యం పగ తీర్చుకోవడానికి మళ్లీ వెళ్లింది. ఇస్తాలిఫ్ పట్టణాన్ని దోచి తగులబెట్టింది. షాజహాను కాలంనాటిదైన కాబూలులోని పెద్ద బజారును మందుపాతరలతో కూల్చింది. మక్నాటెన్ శవాన్ని అక్కడ వ్రేలాడదీశారు గనుక ఆ బజారుకు శిక్ష అన్నారు. బజారులో కొట్టు పెట్టుకున్న వర్తకుడు ఏ నేరం చేశాడు? నగరం కొల్లపోయింది. అక్టోబరులో సైన్యం తిరిగివచ్చింది. మరుసటి ఏడు దోస్త్ మహమ్మద్ విడుదలై తన సింహాసనం మీద తాను కూర్చున్నాడు. 1863లో చనిపోయేవరకు ఆయనే రాజు. 1857లో ఇంగ్లీషు ప్రభుత్వం వణికిపోతున్నప్పుడు, పెషావరు మీదికి రాగలిగి ఉండికూడా, చేసుకున్న ఒడంబడిక ప్రకారం కదలలేదు. ఎవరిని శత్రువని భయపడి వేలమందిని చంపించారో, అతడే మాట నిలుపుకున్న పొరుగువాడయ్యాడు.

రెండవ యుద్ధం

ఒక తరం గడిచింది. 1878లో దోస్త్ మహమ్మద్ కుమారుడు షేర్ అలీ అమీరు. వైస్రాయి లిట్టన్. మళ్లీ రష్యా భయమే. కాబూలులో ఇంగ్లీషు దొర ఒకడు నివాసముండాలని లిట్టన్ పట్టు. అక్కడికి వచ్చే ఇంగ్లీషువాని ప్రాణానికి నేను పూచీపడలేను, నా జనం సంగతి నాకు తెలుసు అని అమీరు జవాబు.

ఆ వేసవిలో రష్యను రాయబారులు పిలవకుండానే కాబూలుకు వచ్చారు. అమీరు వద్దన్నాడు, ఆపలేకపోయాడు. మా రాయబారులనుకూడా రానివ్వవలసిందే అని ఆగస్టు 14న లిట్టన్ ఉత్తరం పంపాడు. ఆగస్టు 17న అమీరు ముద్దుబిడ్డ, యువరాజు అబ్దుల్లా జాన్ మరణించాడు. ఆ దుఃఖంలో ఉన్న తండ్రి ఇంటికి ఈ ఉత్తరం చేరింది. ఆలస్యమయింది. లిట్టన్ ఆగలేదు. సెప్టెంబరు 21న ఇంగ్లీషు రాయబారుల ముందుబృందాన్ని ఖైబరు కనుమలోని అలీ మస్జిదు దగ్గర ఆఫ్ఘను అధికారి, పైనుండి సెలవు లేదని చెప్పి మర్యాదగానే నిలిపివేశాడు. దాన్నే అవమానమన్నారు. నవంబరు 21న మూడు వైపులనుండి సైన్యాలు కదిలాయి.

నిజానికి ఐరోపాలో బ్రిటనుకూ రష్యాకూ మధ్య ఉన్న తగవు జూలై 13న బెర్లిను సంధితో చల్లారింది. రష్యను రాయబారి కూడా ఆగస్టులోనే కాబూలు విడిచిపోయాడు. 1838లో జరిగినట్లే జరిగింది. భయానికి కారణం తొలగింది, చేయి మాత్రం ఆగలేదు.

షేర్ అలీ ఉత్తరానికి పారిపోయి 1879 ఫిబ్రవరిలో మజారె షరీఫులో చనిపోయాడు. అతని కుమారుడు యాకూబ్ ఖాన్‌తో మే నెలలో గండమక్ దగ్గర సంధి జరిగింది. కవన్యారి అనే అధికారి రాయబారిగా కాబూలుకు వెళ్లాడు. షేర్ అలీ చెప్పినట్లే అయింది. సెప్టెంబరు 3న, జీతాలు అందని ఆఫ్ఘను సిపాయీలు తిరగబడి ఆయననూ, ఆయనకు కాపలాగా ఉన్న మన దేశపు సిపాయీలనూ చంపారు. అప్పుడు జనరలు రాబర్ట్స్ కాబూలు పట్టుకొని ఎనభైమందికిపైగా ఉరితీయించాడు. అందులో రాయబారి హత్యతో సంబంధం లేకపోయినా, వచ్చే సైన్యాన్ని తమ దేశంలో ఎదిరించినందుకే నేరస్థులైనవారున్నారు. తన ఇంటి గుమ్మంలో నిలబడి అడ్డుకున్నవాడు తిరుగుబాటుదారుడా? ఇది న్యాయస్థానపు ప్రశ్న కంటె ముందు మనస్సాక్షి ప్రశ్న.

1880 జూలైలో మైవాండు దగ్గర బ్రిటిషు సైన్యం ఘోరంగా ఓడింది. దాదాపు వెయ్యిమంది కూలారు. చివరకు అబ్దుర్ రహమాన్‌ను అమీరుగా ఒప్పుకొని, 1881లో కందహారు విడిచి వచ్చేశారు. ఈ అబ్దుర్ రహమాన్ పదేండ్లకు పైగా రష్యా ఇచ్చిన భత్యంమీద రష్యా ఏలుబడిలో బ్రతికినవాడు. రష్యా స్నేహితుడు గద్దె మీద ఉండరాదని మొదలుపెట్టిన యుద్ధం, రష్యా అతిథిని గద్దెనెక్కించి ముగిసింది. కాబూలులో ఇంగ్లీషు దొర ఉండాలన్న కోరికనుకూడా వదులుకున్నారు. అమీరు పరదేశ వ్యవహారాలమీద పెత్తనం ఒక్కటే మిగిలింది. 1919లో అదీ పోయింది.

ఖర్చు ఎవరు పెట్టారు?

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. మొదటి యుద్ధానికి ఒకటిన్నర కోట్ల పౌండ్లు అయినట్లు లెక్క. దాన్ని హిందూదేశపు ఆదాయంమీద వేశారు. రెండవ యుద్ధానికి మొదట వేసిన అంచనా తప్పి, ఖర్చు రెండింతలు మించింది. బ్రిటను 50 లక్షల పౌండ్లు ఇచ్చింది. మిగిలినదంతా మన దేశపు రైతు కట్టిన శిస్తు.

అది ఏ కాలమో మన సంఘాల పెద్దలకు చెప్పనక్కరలేదు. 1876నుండి 1878వరకు దక్షిణదేశమంతటా ధాత సంవత్సరపు మహాకరువు. మద్రాసు, మైసూరు, బొంబాయి ప్రాంతాలలో లక్షల ప్రాణాలు పోయాయి. ఖజానా ఖర్చు తగ్గించాలని రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలునన్నాడు. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంత గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించింది ఆ కరువులోనే. గుండ్లకమ్మ ఒడ్డున ఒకే దినాన 2,222 మంది బాప్తిస్మం పొందింది 1878 జూలై 3న. ఆ నీళ్లలోనుండి లేచినవారి ఒంటిమీద ఇంకా కండ పట్టకముందే, నాలుగు నెలలకు, ఖైబరులో తుపాకులు పేలాయి.

కరువు వస్తే ఆదుకోవడానికని 1878లో చేతివృత్తులవారిమీదా, చిన్న వర్తకులమీదా కొత్తగా లైసెన్సు పన్ను వేశారు. ఏటా 15 లక్షల పౌండ్లు కరువు నిధికే ప్రత్యేకిస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. మరుసటి ఏడే, యుద్ధపు రోజులలో, ఆ కేటాయింపును ఆపివేశారు. పన్నును మాత్రం ఆపలేదు. కరువుకని పుచ్చుకున్న సొమ్ము యుద్ధానికి పోయిందని ఇక్కడి పత్రికలూ, ఇంగ్లండులో గ్లాడ్‌స్టనూ నిలదీశారు.

హిందూదేశపు ఆదాయాన్ని సరిహద్దు దాటిన యుద్ధాలకు వాడాలంటే పార్లమెంటు అనుమతి కావాలని 1858 చట్టంలో ఉంది. 1878 డిసెంబరులో ఆ అనుమతి అడిగారు. ఆర్థికశాస్త్ర పండితుడు, అంధుడైన హెన్రీ ఫాసెట్ లేచి ఇది అన్యాయమన్నాడు. సభలో ఓట్లు ఆయనకు చాలలేదు. చూపున్నవారు చూడనిదాన్ని ఆయన చూశాడు. భయపడినవాళ్లు లండనులో ఉన్నారు. యుద్ధం కాబూలులో జరిగింది. ఖర్చు చేనేత మగ్గం దగ్గరా, ఎండిన చేను దగ్గరా వసూలయింది. బెంగుళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్ల దళాలలో తమిళులతోపాటు మన తెలుగువారూ ఆ కొండలలో బాటలు వేశారు, వంతెనలు కట్టారు. వారికి ఆఫ్ఘనులతో ఏ పగా లేదు.

ఎదుటి వాదన

న్యాయంగా ఆలోచించేవాడు ఎదుటి వాదనకూడా వినాలి. ఇల్లు కాయవలసినవాడు దొంగ లోపలికి వచ్చేవరకు చేతులు కట్టుకొని ఉండాలా అని అడుగుతారు. రష్యా మధ్య ఆసియాలో నిజంగానే ఒక్కొక్క రాజ్యాన్నీ మింగుతూ వస్తున్నది. 1865లో తాష్కెంటు, 1868లో సమర్కందు, 1873లో ఖీవా దాని వశమయ్యాయి. కాబట్టి భయం ఉత్త కల్పన కాదు. ఆఫ్ఘనులు కూడా మచ్చలేనివారు కారు. మాట ఇచ్చి తప్పారు, మంచులో నడిచే స్త్రీలనూ పిల్లలనూ వదలలేదు. 1919లో మూడవ యుద్ధానికి ముందుగా సరిహద్దు దాటింది అమానుల్లా సైన్యమే. అయినా ఆ మే నెలలో కాబూలు నగరం మీద విమానంనుండి బాంబులు వేసినప్పుడు, సరిహద్దు దాటినవాడెవడో, ఇంట్లో పడుకున్నవాడెవడో బాంబుకు తెలియదు.

అవన్నీ ఒప్పుకుందాం. భయపడటం పాపం కాదు. తలుపుకు గడియ వేసుకోవడం, కాపలా పెట్టుకోవడం, పొరుగువానితో పొత్తు పెట్టుకోవడం భయం నేర్పే మంచి పనులు. దోస్త్ మహమ్మద్ పొత్తు కోరాడు. షేర్ అలీకూడా 1873లో రష్యా వస్తే నన్ను ఆదుకుంటామని గట్టిగా మాట ఇవ్వండని అడిగాడు. రెండుసార్లూ ఆ చేయి అందుకోలేదు. స్నేహంతో తీరగలిగిన భయాన్ని తీర్చుకోక, దాన్ని దాచిపెట్టుకొని, తరువాత అదే కారణమని కత్తి దూయడంలో న్యాయం లేదు.

ఈ మాట పిరికివాళ్లు అనలేదు. రెండవ యుద్ధాన్ని గట్టిగా ఎదిరించినవాడు లారెన్సు ప్రభువు. 1857లో పంజాబును అదుపులో ఉంచినవాడు, తరువాత వైస్రాయిగా చేసినవాడు. ఆఫ్ఘనుల దేశం ఆఫ్ఘనులది, వాళ్ల ఇంట్లో మనకు పని లేదు అని ఆయన పత్రికలకు ఉత్తరాలు రాశాడు. 1879 నవంబరులో గ్లాడ్‌స్టను స్కాట్లండులో స్త్రీల సభలో మాట్లాడుతూ, మంచుకొండలలోని ఆఫ్ఘను పల్లెవాసి ప్రాణం దేవుని దృష్టిలో మీ ప్రాణమంత పవిత్రమైనదని గుర్తుచేశాడు. అయితే ఆ గ్లాడ్‌స్టనే ప్రధాని అయిన తరువాత, 1882 జూలైలో ఆయన ప్రభుత్వమే ఐగుప్తులోని అలెగ్జాండ్రియా మీద ఫిరంగులు పేల్చింది. ఆయన మంత్రివర్గంలోని జాన్ బ్రైట్ రాజీనామా ఇచ్చి బయటకు వచ్చాడు. ఎదుటివారి భయంలోని అన్యాయం మనకు తేలికగా కనబడుతుంది. మన వంతు వచ్చినప్పుడు కనబడదు.

మూడు ప్రశ్నలు

కాబట్టి భయం ఎంత హక్కు ఇస్తుందని అడిగితే నాకు తోచిన జవాబు ఇది. కాపాడుకొనే హక్కు ఇస్తుంది, పొరుగువానిది లాగుకొనే హక్కు ఇవ్వదు. ఏది కాపాడుకోవడమో, ఏది లాగుకోవడమో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలును.

మొదటిది: మన భయానికి ఎదురుగా ఉన్న సాక్ష్యాన్ని బయటపెట్టామా, కత్తిరించామా?

రెండవది: భయానికి కారణం తొలగినప్పుడు మన చేయి ఆగిందా?

మూడవది: భయపడినవాళ్లమే ఖర్చు భరించామా, ఏమీ ఎరుగనివాళ్ల నెత్తిన వేశామా?

ఆఫ్ఘను యుద్ధాలు ఈ మూడింటిలోనూ తప్పాయి. తరువాత 1979లో రష్యావారూ, 2001లో అమెరికావారూ అదే దేశంలోకి వెళ్లారు. ఒకరు 1989లో, మరొకరు 2021లో తిరిగివచ్చారు. ఇద్దరూ తమ తమ కారణాలు చెప్పారు. ఆ కారణాలను కూడా ఈ మూడు ప్రశ్నలతోనే చదువరులు తూచి చూడవచ్చును.

ఈ ప్రశ్నలు రాజులకే కాదు. మనం తరతరాలుగా ఇతర భాషలవారి ఊళ్లలో కాపురముంటున్నవాళ్లం. ఎక్కడినుంచో వచ్చినవాళ్లు మన పని లాగుకుంటారు, మన వీధి మారిపోతుంది అన్న మాట మనమీద పుట్టినప్పుడు ఎట్లా ఉంటుందో మన పెద్దలకు తెలుసు. ఇప్పుడు మన తరువాత వచ్చి మన వీధి చివర గుడిసె వేసుకున్నవారిని గురించి మన నోటినుండి అదే మాట వస్తున్నదా? వాడింకా ఏమీ చేయలేదు, కాని చేస్తాడేమో అంటున్నామా? అట్లా అనిపించినప్పుడు పంచాయితీకి వెళ్లేముందు ఒక్కసారి వాని గుమ్మం దగ్గరికి వెళ్లి పేరు అడగండి. బర్న్స్ చేసిన పని అదే. ఆయన మాట విని ఉంటే ఆ 12,000 మంది తమ ఊళ్లకు తిరిగి వెళ్లి ఉండేవారు.